పొన్నంగి పిట్ట కబురు

ఒక్కొక్కరికి ఒక్కొక్క వ్యాపకం ఉంటుంది. ఒకరు తపాలా బిళ్ళలు సేకరిస్తారు. ఒకరు పాత నాణేలు కూడబెడతారు. మరొకరు తెల్లవారకముందే లేచి చెరువుగట్టు మీద కూర్చుని పిట్టలను చూస్తారు. దీనివల్ల డబ్బు రాదు, పరీక్షలో మార్కులు రావు. అయినా ఆ వ్యాపకం పట్టుకున్నవారికి అదే లోకం. కొత్త సంగతి ఒకటి కంటబడిందంటే నలుగురికీ చెప్పేదాకా నిద్రపట్టదు. చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు. వినేవారు మొదట తల ఊపుతారు, తరువాత దిక్కులు చూస్తారు, ఆ తరువాత ఏదో పని గుర్తుకు వచ్చిందని లేచిపోతారు. చెప్పిన సంగతి మంచిదే. చెప్పిన తీరు వల్ల అది ఎవరి చెవికీ ఎక్కకుండా పోయింది.

చామోర్షి గడ్చిరోలీ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. దానికి పడమటి దిక్కున వైనగంగ పారుతుంది. ఆ నది ఒడ్డునే మార్కండా దేవాలయం ఉంది. మహాశివరాత్రికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. ఈ తాలూకాలోనే చప్రాళా అభయారణ్యం ఉంది. వర్ధా, వైనగంగ నదులు అక్కడ కలిసి ప్రాణహిత అవుతాయి. ప్రాణహిత దక్షిణంగా సాగి, సిరొంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఊళ్ళ చుట్టూ వరి పొలాలు, చెరువులు. వాటి అవతల టేకు, వెదురు పెరిగే అడవి. పిట్టలను చూసే అలవాటు ఉన్నవాడికి ఇంతకంటే ఏం కావాలి!

ఇక్కడ చదువుకునే ఒక బాలుడు వానకాలం మొదట్లో అడవి అంచున పొన్నంగి పిట్టను చూశాడనుకోండి. అది మైనా కంటే చిన్నది. తోక కురచ. వీపు ఆకుపచ్చ, గొంతు తెలుపు, రొమ్ము లేత పసుపు, రెక్క మీద మెరిసే నీలం, తోక క్రింద ఎరుపు. కంటి మీదుగా నల్లని పట్టె. ఇన్ని రంగులు ఉండబట్టే మరాఠీలో దీన్ని 'నవరంగ్' అంటారు. చలికాలం దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి, వానలకు ముందు గూడు కట్టుకోవడానికి ఇది మధ్య భారతానికి, ఉత్తరానికి వస్తుంది. ఎండుటాకుల మధ్య గెంతుతూ పురుగులు ఏరుకు తింటుంది కాబట్టి సులభంగా కనపడదు. తెల్లవారే వేళ, మునిమాపు వేళ రెండు స్వరాల ఈల వేస్తుంది. ఆ ఈల విని వెతికితేనే దొరుకుతుంది. ఇంకొక విశేషం తెలుగు పిల్లలు తప్పక తెలుసుకోవలసినది. ప్రపంచమంతటా పక్షిశాస్త్రజ్ఞులు ఈ జాతి పక్షులన్నిటినీ 'పిట్ట' అనే పిలుస్తారు. ఆ మాట మన తెలుగు నుండి వెళ్ళినదే.

బాలుడికి సంతోషం పట్టలేదు. ఇంటికి వచ్చి నాలుగు పెద్ద కాగితాలు నింపాడు. మరునాడు బడిలో గోడపత్రిక మీద, అంటే అక్కడి పిల్లలు భిత్తిపత్రక్ అని పిలిచే పలక మీద, ఆ నాలుగు కాగితాలనూ గుండుసూదులతో గుచ్చాడు. మొదటి కాగితంలో తాను ఎన్ని గంటలకు లేచాడో, సైకిలు గొలుసు ఎక్కడ ఊడిందో ఉంది. రెండో కాగితంలో దారిలో తాగిన చాయ్ సంగతి, నిరుడు చూసిన నెమలి సంగతి ఉన్నాయి. మూడో కాగితం చివర పిట్ట వచ్చింది. నాలుగోదాన్ని చదివినవారు లేరు. పైగా ఆ కాగితాల క్రింద పరీక్షల వేళాపట్టిక ఒకటి, పోయిన గొడుగు గురించి చిన్న తరగతి పిల్ల వ్రాసుకున్న చీటీ ఒకటి కనపడకుండా పోయాయి. గొడుగు దొరికిందో లేదో తెలియదు.

గోడపత్రిక పది మందిది. దాని వెడల్పు ఇంత, పొడవు ఇంత అని కొలత ఉంది. దాని ముందు నిలబడేవారికి ఉన్న సమయానికి కూడా కొలత ఉంది. గంట కొట్టడానికి ముందు రెండు నిమిషాలు నిలబడి చదివే పిల్లవాడికి మొదటి రెండు వాక్యాల్లోనే సంగతి అందాలి. తనకు ఆసక్తి ఉంటే మిగిలినది చదువుతాడు, లేకపోతే ముందుకు వెళతాడు. ఆ ఎంపిక అతనికి ఉంచడమే ఇందులో మొదటి మర్యాద.

ఆ బాలుడి కబురు ఇలా ఉండవచ్చు:

"పొన్నంగి పిట్ట (మరాఠీలో నవరంగ్) కనిపించింది. జూన్ మూడో వారం, ఆదివారం, ఉదయం ఆరున్నర. చప్రాళా వైపు అడవి అంచు. ఒకటే పిట్ట. పది నిమిషాలు చూశాను, ఈల కూడా విన్నాను. పూర్తి వివరం, నేను గీసిన బొమ్మ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. చూడాలనుకునేవారు ఎనిమిదో తరగతిలో అడగండి."

ఇది అరకాగితం కూడా లేదు. ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని, ఎంతసేపు అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఉంది. పేరు రెండు భాషల్లో ఉంది. చామోర్షి వంటి చోట ఇది చాలా అవసరం. ఆ బడి దారిలో నడిచేవారిలో తెలుగు ఇంటివారు ఉన్నారు, మరాఠీ ఇంటివారు ఉన్నారు, గోండీ మాట్లాడే ఇంటివారూ ఉన్నారు. ఒకే పేరు వ్రాస్తే సగం మందికి అది ఏ పిట్టో తెలియదు. గోండీ పేరు తెలియకపోతే ఆ భాష మాట్లాడే తోటి విద్యార్థిని అడిగి వ్రాసుకోవచ్చు. అడిగినందుకు అతనికి సంతోషం, పలక మీద తన భాష కనిపించినందుకు మరింత సంతోషం.

మరి ఆ నాలుగు కాగితాలు వృథాయేనా? కానే కావు. పొడవైన వ్రాత చెడ్డదని ఎవరూ అనలేదు. దానికి తగిన చోటు వేరే ఉంటుంది. ఇంగ్లాండులో సెల్బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే మతగురువు ఉండేవాడు. ఆయన తన ఊరి పక్షులు, పురుగులు, చెట్లు, వానలు చూసి, థామస్ పెనెంట్, డెయిన్స్ బారింగ్టన్ అనే ఇద్దరు మిత్రులకు ఏళ్ళ తరబడి ఉత్తరాలు వ్రాశాడు. అవి చిన్న ఉత్తరాలు కావు. అయితే ఆ ఇద్దరూ అటువంటి సంగతుల కోసం ఎదురుచూసేవారు. ఆ ఉత్తరాలే 1789లో పుస్తకంగా వచ్చాయి. నేటికీ జనం దాన్ని చదువుతూనే ఉన్నారు. వినగోరే మనిషికి ఎంత పొడవు చెప్పినా విసుగు కలగదు.

వైట్ ఉత్తరాల్లో మరొక గుణం ఉంది. చలికాలంలో స్వాలో జాతి పిట్టలు ఎక్కడికి పోతాయన్నది ఆ రోజుల్లో పెద్ద చిక్కుప్రశ్న. కొన్ని పిట్టలు వలస పోకుండా అక్కడే పొదల్లో, బొరియల్లో దాగి నిద్రపోతాయేమోనని వైట్ అనుమానం. అనుమానం తీర్చుకోవడానికి మనుషులను పెట్టి పొదలు వెతికించాడు. ఒక్కటీ దొరకలేదు. దొరకలేదనే వ్రాశాడు. తన ఊహ నిజమని చెప్పడానికి కథ కల్పించలేదు. మన బాలుడు కూడా పిట్టను చూశాడు గాని దాని గూడును చూడలేదు. "గూడు దగ్గరలోనే ఉండాలి" అని వ్రాయాలనిపిస్తే "ఉందేమో, చూడలేదు" అని వ్రాయాలి. చూసినది ఒక వాక్యం, విన్నది ఒక వాక్యం, ఊహించినది ఇంకొక వాక్యం. మూడింటినీ కలగాపులగం చేస్తే చదివేవాడు దేన్ని నమ్మాలో తెలియక అన్నిటినీ వదిలేస్తాడు.

మన దేశంలో ఈ కబుర్లకు పాత చరిత్రే ఉంది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం 1883లో ఏర్పడింది. 1886 నుండి దాని పత్రిక వస్తున్నది. పెద్ద వ్యాసాల తరువాత పత్రిక చివరి పుటల్లో చిన్న చిన్న పరిశీలనలకు చోటు ఉండేది. అడవి అధికారులు, పోలీసు అధికారులు, టీ తోటల వారు తీరిక వేళల్లో చూసినది పది ఇరవై పంక్తుల్లో వ్రాసి పంపేవారు. 1960లో జఫర్ ఫుతేహల్లీ పక్షి వీక్షకుల కోసమే ఒక చిన్న వార్తాపత్రిక మొదలుపెట్టాడు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే పక్షి వీక్షకుల సంఘం తన చిన్న పత్రికకు 'పిట్ట' అనే పేరే పెట్టుకుంది. పొడవైన సంగతి ఉంటే విడతలుగా ప్రకటించే పద్ధతి కూడా వీరిలో ఉంది. సలీం అలీ 1931, 1932 సంవత్సరాల్లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షులను పరిశీలించాడు. ప్రాణహితకు అవతలి ఒడ్డు అప్పట్లో ఆ రాజ్యంలోనిదే. ఆ పరిశీలన పత్రికలో ఒకేసారి కాక 1933, 1934 సంచికల్లో భాగాలుగా వచ్చింది.

సలీం అలీ పేరు వచ్చింది కాబట్టి ఒక సంఘటన చెప్పుకోవాలి. హ్యూ విస్లర్ ఈ దేశంలో పోలీసు అధికారిగా పనిచేసిన ఆంగ్లేయుడు. పక్షులంటే ప్రాణం. భారతదేశపు పక్షులపై 1928లో ఆయన ప్రకటించిన పుస్తకానికి ఎంతో పేరు వచ్చింది. అప్పటికి సలీం అలీ ఎవరో చాలామందికి తెలియదు. విస్లర్ వ్రాసిన వాటిలో కొన్ని పొరపాట్లు ఉన్నట్లు సలీం అలీ తన పరిశీలనలను బట్టి చూపించాడు. విస్లర్‌కు కోపం వచ్చింది. పేరు తెలియని ఒకడు తనకు తప్పులు పట్టడమా అని పత్రిక సంపాదకుడు ప్రేటర్‌కు ఉత్తరం వ్రాశాడు. అక్కడితో ఆగి ఉంటే అది మామూలు తగవుగా మిగిలిపోయేది. కాని విస్లర్ తన దగ్గర ఉన్న పక్షుల నమూనాలను మళ్ళీ తీసి చూశాడు. పొరపాటు తనదేనని తెలుసుకున్నాడు, ఒప్పుకున్నాడు. ఆ తరువాత ఇద్దరూ మంచి స్నేహితులయ్యారు. హైదరాబాదు రాజ్యపు పరిశీలన అచ్చయినప్పుడు దానికి వివరణలు వ్రాసినది ఈ విస్లరే.

గోడపత్రిక ముందు జరిగే వాదాలకు ఈ సంఘటన బాగా పనికివస్తుంది. ఒక విద్యార్థి వ్రాసిన కబురులో తప్పు కనిపించిందనుకోండి. కాగితం మీద అడ్డంగా 'అబద్ధం' అని గీసిపోవడం అవమానం. "నువ్వు చూసినది పొన్నంగి పిట్ట అయితే తోక కురచగా ఉండాలి. తోక చూశావా?" అని అడిగితే అతడు జ్ఞాపకం చేసుకుంటాడు, లేదా మళ్ళీ వెళ్ళి చూస్తాడు. ఎవరైనా నాణెం గురించి మూడు పంక్తులు వ్రాస్తే, దాని క్రింద మన పిట్ట కథ మూడు కాగితాలు అంటించడం కూడా మర్యాద కాదు. అతని కబురు దగ్గర అతని సంగతే మాట్లాడాలి. మన సంగతికి వేరే కాగితం, వేరే రోజు ఉన్నాయి. ఇంట్లో పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో దూరవద్దని చెబుతారు కదా, ఇదీ అంతే.

తేదీ, సంఖ్య ఎందుకు ఇంత ముఖ్యమో రాబందుల కథ చెబుతుంది. ఒకప్పుడు ఊరి బయట పశువు చచ్చిపడితే చాలు, ఆకాశం నుండి రాబందులు గుంపులుగా దిగేవి. అంత సాధారణమైన పక్షిని లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో మాత్రం విభు ప్రకాశ్ లెక్కలు వ్రాసి ఉంచాడు. 1980 తరువాతి సంవత్సరాల లెక్కలతో 1990 తరువాతి లెక్కలను పోల్చి, రాబందులు వేగంగా అంతరిస్తున్నాయని 1999లో ప్రకటించాడు. పశువుల నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు ఇందుకు కారణమని 2004లో తేలింది. ఆ మందు వాడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై చనిపోతుంది. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించింది. గడ్చిరోలీ జిల్లాలో కూడా అటవీశాఖ రాబందుల కోసం ప్రత్యేకంగా ఆహారం ఉంచే చోట్లు ఏర్పాటు చేసింది. చామోర్షి తాలూకా కునఘాడా వైపు వాటిలో ఒకటి. "చాలా రాబందులు ఉండేవి" అన్న మాట ఆ మందును పట్టించలేదు. ఫలానా ఏడు ఇన్ని, ఫలానా ఏడు ఇన్ని అన్న అంకెలే పట్టించాయి. నాలుగు కాగితాల వర్ణనలో ఒక్క అంకె లేకపోతే ముప్పై ఏళ్ళ తరువాత దాన్ని తీసి చూసేవాడికి దక్కేది ఏమీ లేదు.

వివరంగా వ్రాయాలని చెప్పాక, వ్రాయకూడనిది కూడా ఒకటి చెప్పాలి. అది గూడు ఉన్న చోటు. పొన్నంగి పిట్ట ఎండుటాకులు, గడ్డి, పుల్లలతో గుండ్రని గూడు కట్టి, ప్రక్కనుండి దారి పెడుతుంది. ఆ గూడు నేల మీద గాని, తక్కువ ఎత్తులో కొమ్మల మధ్య గాని ఉంటుంది. పిల్లవాడి చేతికి అందుతుంది, కుక్కకూ అందుతుంది. "ఫలానా మర్రిచెట్టు దాటాక ఎడమ చేతి వైపు మూడో పొద" అని పలక మీద వ్రాస్తే సాయంత్రానికి ఇరవై మంది అక్కడ నిలబడతారు. వారందరూ మంచి పిల్లలే కావచ్చు. అయినా అంత అలజడికి తల్లిపిట్ట గుడ్లను వదలి పోవచ్చు. గుడ్లు తీయడం, గూళ్ళు పాడుచేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. అందుకే గూడు సంగతి ఉపాధ్యాయునికి, అవసరమైతే అటవీ ఉద్యోగికి చెప్పాలి. పలక మీద 'అడవి అంచు' అని వ్రాస్తే చాలు. తన కబురు తనకు ఎంత ముద్దయినా పిట్ట ప్రాణం కంటే ముద్దు కాదు.

ఇంకొక సంగతి తరచుగా మరచిపోతారు. ఆ బాలుడు పిట్టను తనంతట తానే కనిపెట్టలేదు. పశువులు మేపుకునే ఒక పెద్దాయన "పొద్దుగాల్ల ఈల వినబడుతది, ఆ దిక్కు చూడు బిడ్డా" అని చెప్పబట్టి చూశాడు. నాలుగు కాగితాల్లో చాయ్ కొట్టు ఉంది గాని ఆ పెద్దాయన లేడు. కడప జిల్లాలో జరిగినది చూడండి. కలివికోడి అనే పక్షి 1900 తరువాత ఎవరికీ కనపడలేదని, అది అంతరించిందని పక్షిశాస్త్రజ్ఞులు అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి సంఘానికి చెందిన భరత్ భూషణ్ దాని కోసం వెతుకుతున్నప్పుడు, రెడ్డిపల్లె ప్రాంతంలో పిట్టలు పట్టే ఐతన్న దాన్ని పట్టి చూపించాడు. శాస్త్రజ్ఞులకు పోయిందనుకున్న పక్షికి ఆ ఊళ్ళో పేరు కూడా ఉంది. నేడు ఆ కథ చెప్పేవారు ఐతన్న పేరును కూడా చెబుతారు. 1988లో ఆ పక్షి కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తరువాత తెలుగుగంగ కాలువ దారిని కూడా దాని కోసం కొంత మార్చారు.

చూపించినవారి పేరు వ్రాసేముందు వారిని అడగాలి. కొందరికి తమ పేరు పలక మీద చూసుకోవడం ఇష్టం, కొందరికి ఇష్టం ఉండదు. ఇష్టం లేదంటే "ఒక పశువుల కాపరి చూపగా చూశాను" అని వ్రాయవచ్చు. మరొకరు గీసిన బొమ్మ అయినా, తీసిన ఫోటో అయినా అంతే.

కబురు పెట్టిన తరువాత కూడా పని ఉంటుంది. ఎవరైనా అడిగితే జవాబు చెప్పాలి. ఎవరూ అడగకపోతే రోజూ అదే కాగితాన్ని కొత్త చోట గుచ్చకూడదు. వారం గడిచాక తానే తీసి నోటుపుస్తకంలో అంటించుకోవాలి, గుండుసూదులు డబ్బాలో వేయాలి. తప్పు వ్రాసినట్లు తరువాత తెలిస్తే కాగితాన్ని గుట్టుగా చింపివేయకూడదు. తప్పు మాట మీద ఒక్క గీత గీసి, సరైన మాటను, దిద్దిన తేదీని ప్రక్కన వ్రాయాలి. నిన్న పాత కాగితం చదివి వెళ్ళినవాడు నేడు వచ్చి చూస్తే ఏది మారిందో అతనికి తెలియాలి.

అభ్యాసం

1. బాలుడు మొదట గుచ్చిన నాలుగు కాగితాల వల్ల ఎవరెవరికి ఇబ్బంది కలిగింది?

2. గిల్బర్ట్ వైట్ తన అనుమానం గురించి ఏమి చేశాడు? ఏమని వ్రాశాడు?

3. విస్లర్, సలీం అలీల స్నేహం ఎలా మొదలయిందో మీ సొంత మాటల్లో వ్రాయండి.

4. రాబందుల విషయంలో అంకెలు లేకపోతే ఏమి జరిగి ఉండేది? తరగతిలో చర్చించండి.

5. మీ ఊరి చెరువు దగ్గర గాని, పొలం దగ్గర గాని అరగంట కూర్చుని ఒక పిట్టను గమనించండి. దాని తెలుగు, మరాఠీ పేర్లు, తెలిస్తే గోండీ పేరు సేకరించండి. ఎనిమిది పంక్తులకు మించకుండా గోడపత్రికకు కబురు వ్రాయండి. పూర్తి వివరం నోటుపుస్తకంలో వ్రాసుకోండి.